ముక్క మనది, రూలు ఎవరిది?

ఆట సగంలో ఉండగా రూలు మార్చేవాణ్ణి మన పిల్లలు "తొండిగాడు" అంటారు. గోళీలాటలో కానివ్వండి, అష్టాచమ్మాలో కానివ్వండి, ఆ పేరు పడ్డవాడికి ఆ సాయంత్రం మరి జట్టులో చోటు దొరకదు. పెద్దవాళ్ళం మాత్రం ఇంకొంచెం తెలివిగా ఉంటాం. పేకాటకు కూచున్న నలుగురూ ముక్కలు పంచకముందే తమ రూళ్ళేమిటో మాట్లాడేసుకుంటారు. ఒక ఊళ్ళో చెల్లినది పక్క ఊళ్ళో చెల్లదు. చదరంగమే తీసుకోండి. మన తాతల పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది. అంతర్జాతీయ పద్ధతిలో రెండు గళ్ళు దూకవచ్చు. ఏ పద్ధతిలో ఆడదామన్నది ఎదురెదురుగా కూచున్న ఇద్దరి ఇష్టం. మధ్యన మూడోవాడి ప్రమేయం లేదు.

కాని ఇప్పుడు కొత్తరకం ఆటలు వచ్చాయి. ముక్కలు మనం డబ్బిచ్చి కొనుక్కుంటాం. రూళ్ళు మాత్రం ఎక్కడో ఒక కంపెనీవారి చేతిలో ఉంటాయి. ఏదో ఒక సోమవారం పొద్దున్న వారొక ప్రకటన చేస్తారు. ఆ క్షణంనుంచి లక్షలాది జనం చేతుల్లో ఉన్న ముక్కలకు అర్థం మారిపోతుంది. ముక్కమీద అచ్చువేసిన అక్షరాలు అలాగే ఉంటాయి. వాటి అర్థం మాత్రం వేరు. ఇది తొండి అవునా, కాదా?

సియాటిల్ నగరం దగ్గర మా అమ్మాయి ఇంట్లో కొన్ని నెలలుండే అవకాశం కలిగినప్పుడు, పదమూడేళ్ళ మా మనవడి పుణ్యమా అని నాకీ ప్రశ్న ఎదురైంది. వాడు ఆడే ఆట పేరు "మ్యాజిక్: ది గ్యాదరింగ్". ఆ ఆట పుట్టింది కూడా ఆ చుట్టుపక్కలనే. అందుచేత దాని కథ పుట్టిన దగ్గరనుంచీ తెలుసుకుందామని కూచున్నాను. తెలిసిన సంగతులు పాఠకులతో పంచుకోవాలనిపించింది. పోకీమాన్ ముక్కల పొట్లాలకోసం మారాంచేసే పిల్లలు ఇప్పుడు మన హైదరాబాదులోనూ ఉన్నారు గదా!

లెక్కల మేష్టారి సృష్టి

ఈ ఆటను కనిపెట్టినవాడు రిచర్డ్ గార్ఫీల్డ్. గణితశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్నవాడు. కొంతకాలం విట్మన్ కళాశాలలో పాఠాలు కూడా చెప్పాడు. 1991లో ఆయన తానల్లిన వేరొక ఆటను పట్టుకుని "విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్" అనే చిన్న కంపెనీ పెట్టిన పీటర్ ఆడ్కిసన్ దగ్గరకు వెళ్ళాడు. ఆ ఆట అచ్చువేసే స్తోమతు కంపెనీకి లేదు. "సంచిలో పెట్టుకుపోవడానికి వీలుగా, నాలుగు నిమిషాలు ఖాళీ దొరికితే ఆడేసుకునేలాగ ఏదైనా ఉంటే చూడండి" అన్న అర్థంలో ఆడ్కిసన్ చెప్పాడట. గార్ఫీల్డ్ బుర్రలో అప్పుడు తట్టినదే ఈ ముక్కలాట. 1993 ఆగస్టులో అమ్మకానికి వచ్చింది. మొదటి ముద్రణలో 295 రకాల ముక్కలు. మొత్తంమీద 26 లక్షల ముక్కలు అచ్చువేశారు. అవి చూస్తూండగానే అయిపోయాయి. ఇప్పుడు రకాలే పాతికవేల పైచిలుకు. రూళ్ళ పుస్తకం రెండువందల యాభై పేజీలు దాటింది.

ఆట తెలియనివారికోసం నాలుగు మాటలు. మన పేకలో యాభైరెండు ముక్కలూ అందరికీ ఒకటే. ఇక్కడ అలా కాదు. ఎవరి పేక వారే తెచ్చుకోవాలి. వేలాది రకాల్లోంచి తనకు నచ్చిన అరవై ముక్కలో, అంతకు మించో ఏరి పేర్చుకోవాలి. ఇద్దరు మాంత్రికులు యుద్ధం చేస్తున్నారని భావన. చెరొక 20 ప్రాణాలు. మొదట ఏడేసి ముక్కలు తీసుకుంటారు. కొన్ని ముక్కలు "భూములు". వాటిని అడ్డంగా తిప్పితే "మానా" అనే శక్తి పుడుతుంది. ఆ శక్తి ఖర్చుపెట్టి జీవాలను దింపవచ్చు, మంత్రాలు వేయవచ్చు. ఎదుటివాడి 20 ప్రాణాలూ సున్న చేసినవాడు గెలిచినట్టు.

ఇందులో ఉన్న కిటుకేమిటంటే, ప్రతి ముక్కా తనకు తానే ఒక చిన్న రూలు. "మామూలుగా ఇలా జరగాలి, నేనున్నంతసేపూ అలా జరగదు" అంటుందది. పాతికవేల ముక్కలంటే పాతికవేల మినహాయింపులు. ఈ మినహాయింపులన్నీ ఒకదానితో ఒకటి తగాదా పడకుండా చూడవలసిన భారం అసలు రూళ్ళది. వాటిని ముట్టుకోకుండా ఈ ఆట ముప్పై ఏళ్ళపాటు నడవడం సాధ్యమయ్యే పని కాదు.

పందెం పోయింది

మొట్టమొదట మారిన రూలు మనవాళ్ళకు సులువుగా అర్థమయ్యేదే. 1993 నాటి రూళ్ళ ప్రకారం, ఆట మొదలెట్టేముందు ఇద్దరూ తమ పేకలోంచి చూడకుండా ఒక్కొక్క ముక్క తీసి పక్కన పెట్టాలి. గెలిచినవాడు రెండూ పట్టుకుపోతాడు. అంటే పందెం! ముక్కలు ఒకచోటే పోగుపడకుండా చేతులు మారుతూ ఉండాలన్నది గార్ఫీల్డ్ ఉద్దేశం.

ఊహ బాగానే ఉంది. కాని పాకెట్‌మనీ కూడబెట్టుకుని కొనుక్కున్న ముక్కను ఓడిపోయినందుకు ఇచ్చేసి ఇంటికెళ్ళే పిల్లవాడి మొహం ఎలా ఉంటుందో మనకు చెప్పనక్కరలేదు. పైగా డబ్బుకు బదులు వస్తువు పెట్టినా పందెం పందెమే. చట్టం ఒప్పుకోదేమోనన్న భయం కూడా ఉంటుంది. మన దగ్గర రమ్మీ నేర్పుతో కూడిన ఆటా, జూదమా అన్న తగాదా 1960లలో ఆంధ్రప్రదేశ్‌నుంచే సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. రమ్మీలో నేర్పుదే పైచేయి అన్నారు న్యాయమూర్తులు.

మ్యాజిక్ ఆటగాళ్ళు కోర్టుదాకా వెళ్ళలేదు. వాళ్ళంతట వాళ్ళే పందెం మానేశారు. పందెంతో ముడిపడ్డ ముక్కలు మొత్తం తొమ్మిదే పుట్టాయి. 1995 తరువాత మరొకటి రాలేదు. ఉన్న తొమ్మిదింటినీ పోటీల్లోంచి బహిష్కరించారు.

అరవై ముక్కల లెక్కా, ఒకే ముక్క నాలుగుకు మించకూడదన్న లెక్కా కూడా ఇలా తరువాత వచ్చినవే. మొదట్లో నలభై ముక్కలుంటే చాలు. ఒకే రకం ఎన్నయినా పెట్టుకోవచ్చు. మనిషికి కొద్దిపాటి ముక్కలే ఉంటాయని గార్ఫీల్డ్ అనుకున్నాడు. జనం పెట్టెలకు పెట్టెలు కొన్నారు. డబ్బున్నవాడు అరుదైన ముక్కలే డజన్లకొద్దీ పేర్చుకొచ్చి రెండు మూడు ఎత్తుల్లో ఆట ముగించేయసాగాడు. అంచేత 1994లో పోటీలకు కట్టుబాట్లు వచ్చాయి. ఆట కట్టినవాడు అన్నీ ఊహించగలడు గాని, ఆడేవాడి జేబును ఊహించలేడు కాబోలు!

విస్తళ్ళ దొంతర

అసలైన పెద్ద మార్పు 1999లో వచ్చింది. ఒకడు మంత్రం వేస్తాడు. అది పనిచేసేలోపల రెండోవాడు దానికి విరుగుడు వేస్తాడు. దానికి మళ్ళీ మొదటివాడు ఇంకోటి వేస్తాడు. వీటిలో ఏది ముందు జరగాలి? అంతకుముందు దీనికి సమాధానం చెప్పడం పండితులకే సాధ్యమయ్యేది. కొన్ని మంత్రాలు మిగతా వాటికంటె "వేగం" గలవి. వాటిని "ఇంటరప్ట్" అనేవారు. వాటి లెక్క వేరు, మామూలు మంత్రాల లెక్క వేరు. సాదా ఆటలో కూడా తగవు తీర్చడానికి మధ్యవర్తి కావలసి వచ్చేది.

1999లో ఈ గజిబిజినంతా తుడిచేసి ఒకే ఒక సూత్రం పెట్టారు. దాన్ని వారు "స్టాక్" అంటారు. మన భాషలో దొంతర. పెళ్ళిలో విస్తళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చిపెడితే, చివర పెట్టిన విస్తరే ముందు చేతికి వస్తుంది గదా! అంతే సూత్రం. చివర వేసిన మంత్రం ముందు ఫలిస్తుంది.

ఉదాహరణ చెబుతాను. నా దగ్గర రెండు దెబ్బలకు చచ్చే జీవం ఒకటి ఉంది. మీరు దానిమీద "లైట్నింగ్ బోల్ట్" వేశారు, అంటే మూడు దెబ్బల పిడుగు. వెంటనే నేను "జయంట్ గ్రోత్" వేశాను. అది జీవం బలాన్ని ఆ పూటకు మూడు పెంచుతుంది. నాది చివర పడింది గనక ముందు ఫలిస్తుంది. రెండు కాస్తా అయిదవుతుంది. అప్పుడు మీ పిడుగు పడుతుంది. మూడు దెబ్బలు తిని కూడా నా జీవం బతికి బట్టకడుతుంది. అదే మీరు పిడుగును అట్టేపెట్టుకుని, నేను గ్రోత్ వేశాక దానిమీద వేసి ఉంటే? మీదే ముందు ఫలించేది. నా జీవం ఎదగకముందే చచ్చేది. చూశారా, తొందరపడ్డవాడికి నష్టం, ఓపిక పట్టినవాడికి లాభం! పిల్లలకు కూడా అయిదు నిమిషాల్లో బోధపడే సూత్రమిది. ఇప్పటికీ ఆటకు ఇదే వెన్నెముక.

అయితే ఈ దొంతర ఒక వింతకు చోటిచ్చింది. జీవాలు పోట్లాడుకున్నప్పుడు కొట్టుకునే దెబ్బలను కూడా దొంతరమీద పెట్టమన్నారు. "మాగ్ ఫెనాటిక్" అనే చిన్న మరుగుజ్జు భూతం ఉంది. దాని బలం ఒకటి. కావాలంటే దాన్ని బలిచ్చి ఎవరినైనా ఒక దెబ్బ కొట్టవచ్చు. ఆటగాళ్ళు ఏం చేశారంటే, అది పోట్లాటలో కొట్టిన దెబ్బ దొంతరమీద ఉండగానే దాన్ని బలిచ్చి ఇంకో దెబ్బ కొట్టించేవారు. కొట్టిన దెబ్బ గాల్లో ఉంది, కొట్టినవాడు కాటికి పోయాడు, దెబ్బ మాత్రం వచ్చి తగిలింది! ఒక దెబ్బ ఖరీదుకు రెండు దెబ్బలు. తెలిసినవాడికి పండుగ, తెలియనివాడికి "ఇదేమి న్యాయం?" అన్న ఆశ్చర్యం.

2009 జులైలో ఈ ఏర్పాటు తీసేశారు. దెబ్బలు దొంతరెక్కవు, ఒక్కసారే తగులుతాయి. మరుగుజ్జు పోట్లాడాలో, బలి కావాలో ముందే తేల్చుకోవాలి. అప్పుడే ఇంకో పాత రూలు కూడా పోయింది. అంతకుముందు పుట్టించిన మానా ఖర్చుకాక మిగిలితే, మిగిలినంత మేరకూ ప్రాణాలు పోయేవి. దానికి "మానా మంట" అని పేరు. వండిన అన్నం పారబోస్తే పాపం తగులుతుందన్నట్టుగా ఉండేది. ఆటల్లో ఇది నిజంగా లెక్కకొచ్చే సందర్భాలు బహు తక్కువ, కొత్తవాళ్ళకు నేర్పాలంటే మాత్రం తప్పని బరువు అని కంపెనీవారు దాన్ని కొట్టేశారు.

పాత ఆటగాళ్ళు గగ్గోలెత్తారు. ఆటను పిల్లకాయల స్థాయికి దించేశారన్నారు. పదేళ్ళపాటు కష్టపడి నేర్చిన విద్య ఒక్క కలంపోటుతో పనికిరాకుండా పోతే ఎవరికైనా కడుపు మండదా? అందులోనూ న్యాయం లేకపోలేదు. కాని ఆట చావలేదు. 2022లో ఈ ఒక్క ఆటమీద ఒక్క ఏడాదిలో వందకోట్ల డాలర్లకు మించి ఆదాయం వచ్చిందని యజమానులైన హాస్‌బ్రో కంపెనీ ప్రకటించింది.

ఇద్దరు కృష్ణులు

మన పద్యనాటకాల్లో ఒకే రాత్రి ఒక కృష్ణుడు దిగి ఇంకో కృష్ణుడు రావడం కద్దు. మొదటి కృష్ణుడి అభిమానులొకవైపు, రెండో కృష్ణుడి అభిమానులొకవైపు. కాని ఇద్దరూ ఒకేసారి రంగంమీదకు వస్తే? ఈ ఆటకూ అదే చిక్కు వచ్చిపడింది.

కథల్లోని మహావీరుల పేరుతో కొన్ని ముక్కలున్నాయి. ఆ వీరుడు లోకంలో ఒక్కడే. మరి ఇద్దరు ఆటగాళ్ళ చేతుల్లోనూ అదే వీరుడుంటే? 1994లో వీరులు పుట్టినప్పుడు పెట్టిన రూలు ఇది: ముందు దించినవాడిదే వీరుడు, రెండోవాడు దించడానికి వీల్లేదు. దాంతో ఎవడు ముందు ఆడితే వాడిదే పైచేయి అయింది. 2004లో దాన్ని మార్చారు. రెండో వీరుడు దిగగానే ఇద్దరూ మాయం! అప్పుడు ఎదుటివాడి వీరుణ్ణి చంపడానికే తన వీరుణ్ణి వాడటం మొదలెట్టారు. 2013లో మళ్ళీ మార్చారు. ఎవరి రంగం వారిది, ఎవరి కృష్ణుడు వారికి. ఒకే మనిషి ఇద్దర్ని దించితే మాత్రం ఒకర్ని ఉంచుకుని ఇంకొకర్ని వదులుకోవాలి. కథ ప్రకారం చూస్తే మొదటి రూలే సబబు. ఆట ప్రకారం చూస్తే మూడోది మేలు. కథకూ ఆటకూ పడనప్పుడు ఆటవైపే మొగ్గారు.

ముందు ఆడేవాడి లాభం కూడా ఇలాంటి రోగమే. అన్ని ఆటల్లోనూ ఉన్నదే. క్రికెట్టులో టాసు ఓడిన కెప్టెన్ని అడగండి! మ్యాజిక్‌లో ముందు ఆడేవాడు మొదటి వంతులో ముక్క తీయకూడదు. జపానులో పుట్టిన "యు-గి-ఓ" ఆటకు 2014లో అదే మందు వేశారు. పోకీమాన్ ముక్కలాటలో ముందు ఆడేవాడు మొదటి వంతులో దాడి చేయకూడదు. 2020నుంచి "సపోర్టర్" అనే సహాయపు ముక్క వేయడానికి కూడా వీల్లేదు. మూడు ఆటలు, ఒకే జబ్బు, తలా ఒక పథ్యం.

పాత అణా, కొత్త పైస

ఒక శుక్రవారం సాయంత్రం మా మనవడు నన్ను ఆ ఊరి ముక్కల దుకాణానికి తీసుకుపోయాడు. దుకాణం వెనకభాగంలో పొడుగాటి బల్లలు. పదేళ్ళవాడినుంచి నెరసిన గడ్డాలవాళ్ళదాకా ఎదురెదురుగా కూచుని ఆడుతున్నారు. మావాడికి ఎదురుపడ్డ ఆసామీకి నలభై అయిదు పైనే ఉంటాయి. ఆయన ఒక పాత ముక్క వేశాడు. అంచులు అరిగి, రంగు వెలిసి ఉంది. మంత్రాన్ని రద్దు చేసే మంత్రమది, పేరు "కౌంటర్‌స్పెల్". దానిమీద "ఇంటరప్ట్" అని అచ్చువేసి ఉంది.

"తాతయ్యా, ఇలాంటి మాట ఇప్పుడు లేదు" అన్నాడు మావాడు నాతో, చెవిలో.

మధ్యవర్తిగా ఉన్న అమ్మాయిని పిలిచారు. ఆవిడ ముక్కను చూడనైనా చూడలేదు. పేరడిగి, తన ఫోన్‌లో వెతికి, ఇప్పుడు చెల్లే పాఠం చదివి వినిపించింది. ఇంటరప్టులన్నీ 1999లోనే "ఇన్‌స్టంట్లు" అయిపోయాయట. ముక్క చెల్లింది. మావాడి మంత్రం రద్దయింది. ఆ పెద్దమనిషి తన ముక్కను ఎంతో జాగ్రత్తగా తీసి పక్కన పెట్టుకున్నాడు.

నాకు 1957 ఏప్రిల్ గుర్తుకొచ్చింది. నయాపైసలు వచ్చిన కొత్తలో చేతిలో ఉన్న పాత అణాకు ఆరు నయాపైసలని లెక్క కట్టారు. బిళ్ళమీద అణా అనే ఉంది. విలువ మాత్రం గోడకంటించిన పట్టికలో ఉంది. పట్టిక అడ్డం పెట్టుకుని చిల్లరలో మోసం చేసినవాళ్ళూ లేకపోలేదు. కాని అణా దాచుకున్న ముసలమ్మ డబ్బు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఈ ఆటలో నన్ను మెప్పించినది ఇదే. రూళ్ళు ఎన్నిసార్లు మారినా, 1993 నాటి ముక్కకు నేటికీ ఒక అర్థం చెప్పి పెట్టారు. ఎంత పాత ముక్కయినా అనాథ కాలేదు.

అచ్చులో ఒకటి, ఆటలో ఒకటి

అన్ని మార్పులూ ఇంత నెమ్మదిగా జరగలేదు. 2020 ఏప్రిల్‌లో "కంపానియన్" అనే కొత్తరకం జీవాలను అమ్మకానికి పెట్టారు. పేకను ఏదో ఒక నియమానికి లోబడి పేర్చుకుంటే, ఆ జీవం పేకలో లేకపోయినా పక్కనే సిద్ధంగా ఉంటుంది. అంటే ఏడు ముక్కలకు బదులు ఎనిమిది చేతిలో ఉన్నట్టు. ముక్కలాటలో ఎప్పుడూ చేతికొచ్చే ఎనిమిదో ముక్క ఎంత ప్రమాదమో రమ్మీ ఆడేవారికి వేరే చెప్పాలా? వారాలు తిరక్కుండానే ప్రతి పోటీలోనూ అవే. జూన్ 1న కంపెనీ రూలు మార్చింది: ఆ జీవం కావాలంటే ముందు మూడు మానా చెల్లించి చేతిలోకి తెచ్చుకోవాలి. ముక్కమీద ఆ మాట లేదు. అచ్చులో ఒకటి, ఆటలో ఒకటి. ఏప్రిల్‌లో కొన్నవాడికి జూన్‌లో చేతిలో ఉన్నది తాను కొన్న ముక్క కాదు.

ఇంకో ఉదాహరణ యు-గి-ఓ. 2017లో దాన్ని నడిపే కొనామీ కంపెనీ "లింక్" అనే కొత్తరకం భూతాలను తెచ్చింది. తెస్తే తెచ్చింది, లింకు భూతాలు లేకుండా పాత పద్ధతి పెద్ద భూతాలను ఒకటికి మించి దించడం కష్టమయ్యేలాగ రూలు కూడా పెట్టింది. ఏళ్ళ తరబడి కూడబెట్టిన పేకలు కుంటుపడ్డాయి. కొత్తవి కొంటేగాని పాతవి నడవవు. చివరకు 2020 ఏప్రిల్‌లో ఆ కట్టుబాటును చాలావరకు సడలించారు.

ఈ రెంటినీ పోల్చి చూడండి. మొదటిదాంట్లో తాము అమ్మిన సరుకుకే కళ్ళెం వేశారు. రెండోదాంట్లో పాత సరుకుకు కళ్ళెం వేసి కొత్త సరుకు అమ్మారు. మార్పు మంచిదా, చెడ్డదా అని తేల్చడానికి ఆటలో ఎత్తులే చూస్తే చాలదు. దానివల్ల సొమ్ము ఎటునుంచి ఎటు పోయిందో కూడా చూడాలి.

కొన్నవాడి కోపం

ఈ ముక్కలు ఆటవస్తువులే కాక ఆస్తులు కూడా కావడంతో వచ్చింది అసలు తంటా. 1995లో కంపెనీవారు పాత ముక్కలు కొన్ని మళ్ళీ అచ్చువేస్తే, దాచుకున్నవారు తమ ముక్కల ధర పడిపోయిందని గొడవ చేశారు. 1996లో కంపెనీ ఒక జాబితా ప్రకటించి, వాటిని మళ్ళీ అచ్చువేయమని మాట ఇచ్చింది. ఆ మాట ఇప్పటికీ నిలబెట్టుకుంటున్నారు. ఆ జాబితాలోని "బ్లాక్ లోటస్" అనే నల్లకలువ ముక్క ఒకటి 2021 జనవరిలో 5,11,100 డాలర్లకు అమ్ముడుపోయింది. వింత ఏమిటంటే, దాన్ని పోటీల్లో చాలాచోట్ల ఆడనివ్వరు. ఆడనిచ్చే ఒకే ఒక విభాగంలో కూడా పేకకు ఒక్కటే. ఆడటానికి పనికిరాని ముక్కకు అయిదు లక్షల డాలర్లు!

2024 సెప్టెంబరులో జరిగినది ఇంకా విచారకరం. ఈ ఆటలో "కమాండర్" అనే పద్ధతి ఒకటుంది. వంద ముక్కల పేక. మామూలు భూములు తప్ప ఏ ముక్కా రెండోది ఉండకూడదు. నలుగురు కలిసి కూచుని ఆడతారు. ఇది కంపెనీ కనిపెట్టినది కాదు. ఆటగాళ్ళే సరదాకు అల్లుకున్నారు. షెల్డన్ మెనరీ అనే మధ్యవర్తి దీన్ని ఊరూరా వ్యాపింపజేశాడు. ఆయన 2023లో కాలంచేశాడు. ఈ పద్ధతి రూళ్ళు చూసుకునేది జీతంలేని ఒక చిన్న సంఘం. మన ఊరి రచ్చబండ పెద్దలవంటిదనుకోండి. కంపెనీ 2011నుంచి ఈ పద్ధతికోసం ప్రత్యేకంగా పేకలు అచ్చువేసి అమ్ముతోంది. రూళ్ళు మాత్రం సంఘానివే.

సెప్టెంబరు 23న ఆ సంఘంవారు నాలుగు ముక్కలను నిషేధించారు. మొదటి వంతులోనే ఒకడు అందనంత ముందుకు పోతున్నాడు, నలుగురి సరదా ఒకడిదైపోతోంది అన్నది వారు చెప్పిన కారణం. ఆ నాలుగింట్లో చాలా ఖరీదైన ముక్కలున్నాయి. రాత్రికి రాత్రి వాటి ధరలు కూలిపోయాయి. 2016 నవంబరులో పెద్ద నోట్లు చేతిలో పట్టుకుని నిలబడ్డవారికి ఆ బాధ ఎలాంటిదో తెలుసు. అయితే ఇక్కడ మార్చుకోవడానికి బ్యాంకు లేదు. కోపం వచ్చినవారు వాదనతో ఆగలేదు. ఆ సంఘ సభ్యులకు బెదిరింపులు వచ్చాయి. వారం తిరిగేసరికి, సెప్టెంబరు 30న, తమవల్ల కాదని వారు ఆ పద్ధతి బాధ్యతను కంపెనీకే అప్పగించేశారు.

ఈ కథలో నన్ను కలవరపెట్టినది ముక్కల ధర కాదు. ఆటగాళ్ళ చేతిలో మిగిలి ఉన్న ఒకే ఒక్క రచ్చబండను ఆటగాళ్ళే కూలగొట్టుకున్నారు. అంతవరకూ ఆ రూళ్ళు ఆడేవారివి. ఆ తరువాత అమ్మేవారివి. డబ్బు పోయిందని పెద్దలమీద రాళ్ళు వేస్తే, రేపు తగవు తీర్చడానికి దుకాణదారే మిగులుతాడు!

ఇంతకీ తొండేనా?

ఇంతా తెలుసుకున్నాక, మొదట వేసుకున్న ప్రశ్నకు నాకు తోచిన సమాధానం చెబుతాను. రూలు మార్చడం తొండి కాదు. ఎవరికి చెప్పి మార్చారు, ఎవరికోసం మార్చారు అన్నదాన్నిబట్టి తొండి అవుతుంది. ఆట ప్రారంభంలో వచ్చిన చెడ్డ ముక్కల సంగతే చూడండి. మొదట్లో అన్నీ భూములో, అసలు భూములే లేకనో పడితేనే మళ్ళీ తీసుకోనిచ్చేవారు. 1997నుంచి ఏవి పడ్డా మార్చుకోవచ్చుగాని, మార్చిన ప్రతిసారీ ఒక ముక్క తక్కువ తీసుకోవాలి. 2015లో అలా తగ్గించుకున్నవాడికి పేక పైముక్కను తొంగిచూసే వెసులుబాటు ఇచ్చారు. 2019నుంచి ఏడూ తీసుకుని, అందులో నచ్చనిది అడుగున పెట్టుకోమన్నారు. మూడుసార్లు మార్చినా ప్రతి మార్పూ ఒకే దిక్కుకు: అదృష్టం బాగాలేనివాడు కూడా కాసేపు ఆడి ఓడాలేగాని, ఆడకుండా ఓడిపోకూడదు. ఇందులో ఎవరికీ ఒక్క ముక్క కూడా కొత్తగా అమ్మలేదు. ఇలాంటి మార్పును ఏ పిల్లవాడూ తొండి అనడు.

మన పిల్లలు ఈ ముక్కలకోసం అడిగినప్పుడు వద్దనవలసిన పనిలేదు. చదవడం, లెక్కవేయడం, ఓడినా చేయి కలిపి లేవడం నేర్పే ఆట ఇది. కాని ఒక్క మాట ముందే చెప్పి కొనివ్వండి. "అబ్బాయీ, ఈ కాగితం నీది. దానిమీద బొమ్మ నీది. దాని అర్థం మాత్రం రేపు మారవచ్చు. ఆడుకోవడానికైతే కొనుక్కో, ధర పెరుగుతుందని మాత్రం కొనకు." ఈ మాట తెలిసి ఆడేవాడికి ఏ ప్రకటన వచ్చినా నిద్ర చెడదు. తెలియక దాచుకునేవాడికే ప్రతి సోమవారం గుండెదడ.

అన్నట్టు, మీ ఇంట్లో ఎవరైనా బంటును ఒక్క గడే నడిపే పాతకాలపు పెద్దలుంటే, పిల్లల్ని వారితో ఒక ఆట ఆడమనండి. ఎత్తు వేయకముందు ఇద్దరూ కూచుని రూళ్ళు మాట్లాడుకోవాలి. ఏ దుకాణంలోనూ దొరకని పాఠం అది.